కూర్చోలేని నిసోన్ బావ

మా నిసోన్ బావ చివరిసారిగా చేసిన మామూలు పని, నా సెలూన్‌లో సగం తల కత్తిరించుకుని లేచిపోవడం. మా యూదుల కొత్త సంవత్సరం పండగ దగ్గర పడింది. మెడకు కట్టిన గుడ్డతోనే వీధిలోకి నడిచాడు.

"బావా, కుడివైపు మిగిలిపోయింది!"

"అదెక్కడికి పోతుందిరా? ఇప్పుడే వస్తా."

మా సమర్‌కంద్ యూదుల వాడలో అందరికీ తెలిసిన ఆయన జబ్బు అదొక్కటే. కూర్చోలేడు. టీ నిలబడే తాగేవాడు. మా మల్కో అక్కను చూడ్డానికి వచ్చినప్పుడు నిలబడే సరే అనేసి, గేటు దాటాక వెనక్కొచ్చి, "ఇంతకీ అమ్మాయి పేరేమిటి?" అని అడిగాడు.

"మా ఇంట్లో కుర్చీలు చూశారా? అన్నీ కొత్తవే!" అనేది అక్క.

రోజూ నవ్వుతూనే భరించేది. పండగ రాత్రి మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. తేనెలో ఆపిల్ ముక్కలు, దానిమ్మ గింజలు, పొట్టేలు తల అన్నీ బల్లమీద పెట్టేది. బావ ద్రాక్షారసం గిన్నె ఎత్తి, మమ్మల్ని బతికించి, నిలబెట్టి, ఈ రోజుకు చేర్చిన దేవుడికి కృతజ్ఞత చెప్పేవాడు. ఆ 'నిలబెట్టి' అన్న మాటను ఆయన కాస్త ఎక్కువగా పట్టించుకున్నాడని వాడలో అందరూ అనుకునేవారు. అక్క కొత్తిమీర పలావ్ మూత తీసేలోపే, "ఇప్పుడే వస్తా!" అని వెళ్లిపోయేవాడు. పలావ్ చల్లారాక వచ్చి, కుండ అడుగు దాకా గోకి తినేవాడు. నిలబడే.

"ఎవరింట్లో ఏం రుచి మరిగాడో కనుక్కోరా తమ్ముడూ."

"కూర్చోని మనిషి ఎక్కడ తింటాడక్కా?"

"నిలబడి మెక్కడం ఆయనకు చేతకాదా?"

సగం తలతో లేచిపోయిన ఆ రోజు, సెలూన్‌కు తిరిగి వస్తూ బావ సందు మలుపులో కూలిపోయాడు. గుండె ఆగింది. కుడివైపు జుట్టుతోనే సాగనంపాం. మాలో ఏడు రోజులు నేలమీద కూర్చుని ఏడుస్తారు. మధ్యలో పండగ వస్తే అక్కడితో లేచిపోవాలి.

"చూశావా, ఏడవడానికి కూడా కూర్చోనివ్వలేదు," అంది అక్క.

పండగ సాయంత్రం నేను గిన్నె అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఈ ఏడు కృతజ్ఞతలు లేవు. దేనికి చెప్పాలి? వద్దు."

అప్పుడే తలుపు చప్పుడైంది. జులాయ్ అనే వితంతువు, చూపులేని అత్తగారిని నడిపించుకుంటూ వచ్చింది. వాళ్ల వెనకే మా వాడలోని ఇంకొందరు వితంతువులు. అందరి చేతుల్లోనూ ద్రాక్షారసం గిన్నెలే.

"మగదిక్కులేని ఇళ్లు మావి వదినా," అంది జులాయ్. "ఏటా నిసోన్ అన్నయ్య వచ్చి మా గిన్నెల మీద ప్రార్థన చెప్పేవాడు. మీ ఇంట్లో అయినా చెబుతారేమోనని..."

"నా పక్కన కూర్చుని చెప్పేవాడు, నాకు వినబడాలని," అంది ముసలమ్మ.

అక్క ఉలిక్కిపడింది. "కూర్చునేవాడా!"

"చాలాసేపే."

"ఏం వండిపెట్టేవారు మీరు?"

"తింటేగా వదినా! చేపముక్క పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు," అంది జులాయ్.

అక్క నావైపు తిరిగింది. "చూస్తావేంరా? గిన్నె ఎత్తు."

ఎత్తాను. 'బతికించి' తర్వాత 'నిలబెట్టి' అన్న మాటను అక్కే అందించింది. పలావ్ వడ్డించింది. ముసలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని తలాడించింది.

"నిసోన్ చెప్పినట్టే ఉంది."

"చెప్పేవాడా? నాతో ఒక్కనాడూ అనలేదే!"

"హాయిగా కూర్చుని ఉండేవాడమ్మా. నీ పలావ్ గుర్తొచ్చాకే లేచి పరిగెత్తేవాడు."