వేలు పెట్టే కుళ్ళాయప్ప

మా ధర్మవరంలో కుళ్ళాయప్ప ముందు ఎవరూ దేన్నీ ఊరికే వద్దనడానికి లేదు. వద్దన్నవాళ్ళు తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. చూపించేదాకా ఆయన కదలడు, వాళ్ళను కదలనివ్వడు. సొంత పని, పరాయి పని అన్న తేడా లేకుండా అందరి సంగతుల్లోనూ ఇట్లా దూరేవాడు కనుక జనం ఆయన్ను వేలు పెట్టే కుళ్ళాయప్ప అనేవాళ్ళు. అది ఎగతాళి అని ఆయనకు తెలియదు. బిరుదనుకునేవాడు.

ఈ అలవాటు పట్టుచీరల పనిలో వచ్చింది. మా వీధిలో నేసిన చీరను సావుకారు తిప్పి పంపాలంటే, దాన్ని వెలుతురులో పరిచి, తెగిన పోగు మీదనో తప్పిన పేక మీదనో వేలు పెట్టి చూపించాలి. అది పాత కట్టుబాటు. మిగతా నేతగాళ్ళు ఆ కట్టుబాటును సావుకారు అంగట్లోనే వదిలేసి ఇంటికి వచ్చేవాళ్ళు. కుళ్ళాయప్ప దాన్ని భుజాన వేసుకుని ఊరంతా తిరిగేవాడు. నేను మగ్గాలు చేసే వడ్రంగిని, ఆయన మగ్గం నేను చేసిందే. ఆ మగ్గం మీద దిగిన చీరకు వేలు పెట్టిన సావుకారును మాత్రం నేను చూడలేదు.

ఒకసారి సంతలో ఎవరో పెద్దమనిషి మునియమ్మ బుట్టలోంచి వంకాయ తీసి, చూసి, మళ్ళీ బుట్టలో పడేసి పోతున్నాడు. మునియమ్మ ముదిగుబ్బ నుంచి బస్సులో తెచ్చుకున్న వంకాయలవి. కుళ్ళాయప్ప ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమప్పా, ఆ వంకాయ ఏం చేసింది?"

"ఏం చేయల్యా. నాకొద్దు."

"ఒద్దంటే తప్పుండల్ల గదా. యాడుందో వేలు పెట్టి చూపించు."

ఆ పెద్దమనిషి వంకాయను నాలుగు పక్కలా తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. సిగ్గుపడి తట్టెడు కొనుక్కుని పోయాడు. తరువాత వచ్చినాయనా అట్లాగే కొన్నాడు. ఆ పైన వచ్చినవాళ్ళు దూరం నుంచే చూసి సందు మార్చారు. కాసేపటికి ఆ వైపు ఈగ కూడా రాలేదు.

మునియమ్మ చేతులు జోడించింది. "సామీ, నీకు పున్నెముంటాది. పోయి ఆ ఎదురంగడి కాడ నిలబడు."

ఇంట్లో ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ ఇంకా గట్టి మనిషి. "ఈపొద్దు పులుసు బాగలేదే" అని ఒకరోజు ఆయన నోరు జారాడు. ఆమె పొయ్యి మీది చట్టిని దించి ముందు పెట్టి, "యాడ బాగలేదో వేలు పెట్టి చూపించు" అంది. కట్టుబాటు కట్టుబాటే. పెట్టాడు. ఆ తరువాత చాలా రోజులు ఆ వేలు పైకెత్తుకునే నేశాడు.

"తప్పు దొరికిందా అన్నా?" అని అడిగాను.

"దొరికిందప్పా," అన్నాడు గర్వంగా. "ఉప్పు తక్కువ."

క్రికెట్ గురించి ఆయనకు తెలిసింది సున్న. వికెట్లను గుంజలనేవాడు. తెల్లకోటు వేసుకున్న అంపైరును చూసి, "ఆ డాక్టరు ఎండలో ఏమిటికి నిలబడినాడు?" అని అడిగిన మనిషి. అయితే 1958 చివర్లో వెస్టిండీసు వాళ్ళు వచ్చి ఆడినప్పుడు, ఆ ఒక్క సిరీస్‌లోనే మన జట్టుకు నలుగురు కెప్టెన్లు మారారు. స్టేషన్ పక్క హోటల్లో రేడియో ముందు ఊరంతా చేరి, ఎవరి వెనక ఎవరున్నారో, ఎవరు ఎవరి మనిషో తేల్చుకోలేక తగువులాడుకుంటుంటే, కుళ్ళాయప్ప కాఫీ గ్లాసు కింద పెట్టి ఒకటే అడిగాడు.

"తీసేసినోనికి ఏమిటికి తీసేసినామో చెప్పినారా?"

"యాడ చెప్తారన్నా? అదంతా కమిటీ లోపలి మాట," అన్నాడు హోటలాయన.

"జట్టు బయట ఆడతాది గదబ్బా. మాట లోపలేమిటికి?"

అందరూ నవ్వి వదిలేశారు. ఆ మాట మా మీదికే వస్తుందని అనుకోలేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ళకూ కలిపి అప్పట్లో ఒక క్రికెట్ సంఘం ఉండేది. మరుసటి ఎండాకాలం బెంగుళూరు నుంచి ఒక పేరున్న జట్టు పెనుకొండకు వచ్చి మాతో ఆడుతుందని కబురు వచ్చింది. రాష్ట్ర జట్టుకు మనుషులను ఏరే పెద్దలు ఆ ఆటకు వస్తారని ఇంకో కబురు. మా వీధి ఓబులేసుకు ఆ పదకొండు మందిలో చోటు కావాలి. ఆ కుర్రవాడు పగలంతా నేసి, మగ్గం దిగగానే బంతి పట్టుకునేవాడు. వాడి బంతులకు నా కొట్టం గోడ సున్నం రాలి, మట్టి రాలి, లోపలి రాళ్ళు బయటపడ్డాయి. ఈసారి జట్టులోకి రాకపోతే ఇంక బంతి ముట్టుకోవద్దని వాళ్ళ నాయన తేల్చి చెప్పాడు.

ఎంపిక రోజు మా వీధి సగం రైలెక్కి పెనుకొండలో దిగింది. మూడూళ్ళ కుర్రాళ్ళూ పొద్దుటినుంచి ఆడి చూపించారు. ఓబులేసు బంతికి గుంజలు ఎగిరిపడుతుంటే కుళ్ళాయప్ప కూడా చప్పట్లు కొట్టాడు, ఎవరు అవుటయ్యారో తెలియకుండానే.

సంఘం అధ్యక్షుడు హనుమంతరాయుడుగారిది హిందూపురంలో బెల్లం మండీ. సంఘంలో బ్యాట్లు ఆయనవి, బంతులు ఆయనవి, మధ్యాహ్నం పెట్టిన పులిహోర ఆయనది. జట్టులోకి వచ్చిన రామాంజనేయులు కూడా ఆయనవాడే, సొంత మేనల్లుడు. ఆ రోజు రామాంజనేయులు బ్యాటుకు బంతి తగలడం ఎవరూ చూడలేదు. పేర్లు చదవడం అయిపోయింది. ఓబులేసు పేరు లేదు. వాడు చెప్పులు వేసుకుని గేటు వైపు నడిచాడు.

కుళ్ళాయప్ప లేచాడు. ఓబులేసును చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చి, హనుమంతరాయుడుగారి కుర్చీ ముందు నిలబెట్టాడు.

"సామీ, ఈ పిల్లోన్ని వద్దన్నారు. ఏమిటికి?"

"వానికి టెంపరమెంటు చాలదప్పా."

"అది యాడుంటాదో వేలు పెట్టి చూపించు సామీ."

"అది కనపడేది కాదు."

"కనపడందాన్ని చాలదని ఎట్ల కొలిచినారు?"

జనం దగ్గరికి జరిగారు. హనుమంతరాయుడుగారు గొంతు సవరించుకున్నాడు. "పర్సనాలిటీ గూడా లేదు."

కుళ్ళాయప్ప ఓబులేసును మెల్లగా వెనక్కి తిప్పాడు. "ముందర పక్క లేదంటాండారు. ఎనక పక్క ఏమన్నా ఉండాదేమో చూడు సామీ."

పెనుకొండ కొండ మీద మేకలు కాసేవాళ్ళకు కూడా వినిపించేలా నవ్వారు జనం. హనుమంతరాయుడుగారికి కోపం వచ్చింది. "ఏమప్పా, ఈ బాట్లు, బంతులు ఎవురి దుడ్లతో వచ్చినాయో తెలుసునా నీకు?"

"నీ దుడ్లే సామీ, కాదన్లేదు. నా మొగ్గం మీద పట్టూ జరీ గూడా సావుకారు దుడ్లే. అయినా చీర వద్దంటే వేలు పెట్టి చూపిస్తాడు."

హనుమంతరాయుడుగారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "సరే. మా వాన్ని తీసేస్తా. మీ వాన్ని పెట్టుకుంటాం. ఇంక పోయి కూచో."

మేము ఈలలు వేశాం. కుళ్ళాయప్ప కూర్చోలేదు.

"వాన్ని పెట్టుకోమని నేనడిగినానా? ఏమిటికి వద్దో చెప్పమంటి."

"మామా," అన్నాడు ఓబులేసు పళ్ళ మధ్య నుంచి, "ఇస్తామంటాండారు గదా, గమ్మునుండు."

"నువ్వుండబ్బా. నీలో తప్పుంటే రేపు బెంగుళూరోళ్ళు చూపిస్తారు, అందరి ముందరా. మనోళ్ళ చేత ఈపొద్దు చూపించుకుంటే నయం గదా?"

పెనుకొండ డ్రిల్లు మాస్టరు కొండప్ప కమిటీలో రెండో మనిషి. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి, ఓబులేసు కుడిచెయ్యి పైకెత్తి, మోచేతి మీద వేలు పెట్టాడు.

"ఈడ. బంతి వదిలేటప్పుడు ఇది వంగి, విదిలించినట్లు సాగుతాది. అది బంతి వేయడం కాదు, విసరడం. మంచి అంపైరైతే నోబాల్ అంటాడు."

చూడగానే నాకు తెలిసిపోయింది. అది నాడె విసిరే చెయ్యి. చిన్నప్పటినుంచీ మగ్గం మీద పడుగు పోగుల మధ్య నాడెను విసిరీ విసిరీ ఆ విసురు బంతిలోకి కూడా వచ్చింది.

"మరి ముందే చెప్పల్యా సార్?" అన్నాను.

"అడిగినోళ్ళు ల్యాకపాయిరి," అన్నాడు మాస్టరు, తల దించుకుని.

ఓబులేసు తన మోచేతిని ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇంతేనా?" అన్నాడు. "మొగ్గం నేసేటోన్నని వద్దన్నారేమో అనుకుంటి." అక్కడే పడిన ఒక బంతి తీసుకుని, చెయ్యి చాపి వేసి చూశాడు. అది ఎక్కడికో పోయింది. "ఈ ఏడు వద్దులే సార్. సరిచేసుకుని వస్తా."

పని అయిపోయిందని అందరం లేచాం. రామాంజనేయులు ఒక్కడే, గంజి పెట్టిన తెల్ల ప్యాంటులో, గుంజల దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి వైపు ఎవరూ చూడటం లేదు. చూసిన మా వాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారు. కుళ్ళాయప్ప మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"సామీ, ఈ పిల్లోన్ని గూడా తీసేస్తామంటిరి గదా. ఏమిటికో చెప్పకుండా యాడికి పోతాండారు?"

"వాని సంగతి నీకేమిటికన్నా?" అన్నాను నేను. "వాడు మనోడు కాదు గదా."

"వద్దనిపించుకున్నోడు ఎవురైనా మనోడేనప్పా. తప్పు యాడుందో చూపిస్తే అంతమట్టుకే తప్పు. చూపీకపోతే మనిషి తానంతా తప్పనుకుంటాడు."

అన్నేళ్ళూ ఆయన వెంట తిరిగి నవ్వుకున్నాను. సంతలో ఆయన చూసింది వంకాయను కాదని, దాన్ని తెచ్చిన మునియమ్మ ముఖమని ఆ నిమిషాన తెలిసింది.

కొండప్ప మాస్టరు రామాంజనేయులు దగ్గరికి పోయి, కళ్ళకు కొంచెం ఎడంగా వేలు ఆపాడు. "బంతి వచ్చేటప్పుడు ఇవి మూసుకుంటాండావు నాయనా."

"తెలుసు సార్. బంతంటే నాకు భయం."

హనుమంతరాయుడుగారు తెల్లబోయాడు. "మరి నాకు చెప్పల్యా?"

"ఆడతావా అని అడిగినావా మామా? ఆడు అంటివి. పోనీ ఈపొద్దన్నా ఇంటికి పొమ్మంటావా?"

మండీలో వందమందిని గదమాయించే ఆ మనిషి మేనల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "పులిహోర తింటివా?" అని అడిగాడు.

ఆ ఎండాకాలం మేము బెంగుళూరు వాళ్ళ చేతిలో చిత్తుగా ఓడిపోయాం. రామాంజనేయులు నీడలో కూర్చుని స్కోరు రాశాడు. ఒక్క పరుగు తప్పిపోలేదు, కళ్ళు బాగా తెరిచే ఉంచాడు. ఆ ఏటినుంచి మా సంఘంలో వద్దన్న ప్రతివాడికీ ఎందుకు వద్దో మైదానంలోనే, ముఖం మీదనే చెప్పాలని నియమం పెట్టారు. ఇది తెలిశాక, కమిటీలో చోటు కోసం తిరిగే పెద్దమనుషులు కొందరు ఒళ్ళు బాగలేదని తప్పుకున్నారు. ఒంట్లో ఎక్కడ బాగలేదో కనుక్కోవడానికి కుళ్ళాయప్ప వాళ్ళ ఇళ్ళకు పోయాడు. పెద్ద పెద్ద ఊళ్ళలో జట్లను తలుపులేసుకుని ఏరుకునే రోజుల్లో మా మూడూళ్ళు ఎండలో నిలబడి ఏరుకున్నాయని నేను ఇప్పటికీ ఎవరి ముందైనా చెప్పుకుంటాను.

ఓబులేసు వాళ్ళ నాయన కూడా మాట మార్చుకున్నాడు. "తప్పు తెలిసినాక దిద్దకుండా వదిలేది నేతోని పని కాదు" అన్నాడు. నేను పలచటి చెక్కబద్ద చెక్కి ఇచ్చాను. అది మోచేతికి కట్టుకుని వాడు ఏడాదంతా నా గోడకు బంతులు వేశాడు. మరుసటి ఏడు బద్ద విప్పేసి మా జట్టులో ఆడాడు, చెయ్యి గడకర్రలా నిలిచింది. ఆ ఆట చూసి రాష్ట్ర జట్టు ఎంపికకు రమ్మని పిలిచారు.

వాడు తిరిగి వచ్చే రోజు కుళ్ళాయప్పా నేనూ ధర్మవరం స్టేషనుకు పోయాం. తీసుకోలేదన్న వార్త వాడికంటే ముందే వచ్చింది. దారి పొడుగునా నేను ఓదార్పు మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. వాడు సంచి ఊపుకుంటూ దిగాడు.

"అడిగినావా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"అడగకుండా వస్తానా మామా? అందరూ ఉండంగానే అడిగినా. పెద్దాయన చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తినా. చాపమన్నాడు, చాపినా. ఈ పక్కొచ్చి చూసినాడు, ఆ పక్కకి పోయి చూసినాడు. ఆఖరికి, నీ రైలుకు టైమైతాంది, పోయిరా అన్నాడు."

"అంతేనా? తప్పు చూపీల్యా?"

"ఉంటే గదా మామా చూపించేకి."

ఆ మాట అనేసి, సంచి నా చేతిలో పెట్టి, "పదండి, ఆకలైతాంది" అంటూ ఛాతీ విరుచుకుని మా ఇద్దరికంటే ముందు నడిచాడు.