వెండి కట్టు

ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్లు కట్టే ఆమెను అందరూ కట్లక్క అంటారు. ఈరోజు ఆమె తాపీమేస్త్రీ కాలి కట్టు విప్పుతోంది. పుండు ఈసారీ మానకపోతే కాలివేలు తీసేయాలన్నాడు డాక్టరు.

కట్టులో కంటికి కనిపించని వెండి రేణువులున్నాయి. అవి పుండులోని క్రిములను చంపుతాయి. కట్టేముందు దాన్ని తడపాలి; మొదటిసారి అలవాటుకొద్దీ ఉప్పునీటితో తడిపింది. ఉప్పు వెండి బలాన్ని తగ్గిస్తుందని, శుద్ధిచేసిన నీళ్ళే వాడాలని తర్వాత తెలిసి గతుక్కుమంది. మేస్త్రీకి తప్పు చెప్పుకుని, మళ్ళీ కొత్తది కట్టింది.

చివరి పొర లేచింది. అంచుల్లోంచి ఎర్రటి కొత్త కండ పుట్టుకొస్తోంది.

"పుండును చూసి మురిసేదాన్ని నిన్నే చూశా తల్లీ," అన్నాడు మేస్త్రీ. "వేలుంటుందా?"

"డాక్టరుగారి నోటే విందువుగాని, కదలకు."

ఏనాడూ పరుగెత్తని మనిషి, చేతిలో కత్తెరతోనే వరండాలో పరుగు తీసింది.

డాక్టరు వచ్చి వంగి చూశాడు. "ఇక ఆ వేలి జోలికి పోను," అన్నాడు.