అమ్మ ముఖం మడతకు లొంగదు

తనూజతో కలిసి పని చేయడమంటే రోజూ పరీక్ష రాయడమే. మేమిద్దరం హుస్సేనీ ఆలంలో ప్రేమ్‌రాజ్ భాయ్ కార్ఖానాలో పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేస్తాం. ఒకే చట్రానికి చెరో వైపు కూర్చుంటాం. నేను కుట్టిన పూరేకు ఆమె కుట్టిన రేకు కంటే పిసరంత లావైనా సరే, నేను చాయ్ తాగి వచ్చేసరికి విప్పేసి ఉంటుంది. అడిగితే "దారం వదులైందక్కా" అంటుంది. దారానికేం రోగం, రోగమంతా ఆమెకే.

డిజైన్లు గీసేదీ ఆమే. బట్ట మీద పువ్వు దిగాలంటే ముందు ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, గీత పొడవునా సూదితో సన్నని చిల్లులు పొడవాలి. దాన్ని ఖాకా అంటాం. దాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో తెల్ల పొడి కలిపి గుడ్డతో రుద్దితే, చిల్లుల్లోంచి బొమ్మ కిందికి దిగుతుంది. మెడ డిజైన్ అయితే తనూజ ఎప్పుడూ కుడి సగమే గీస్తుంది. కాగితాన్ని మధ్యకు మడిచి, రెండు పొరలూ కలిపి పొడుస్తుంది. విప్పితే ఎడమ సగం దానంతటదే వచ్చేసి ఉంటుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. కార్ఖానాలో ఆమె ఖాకాకు వంక పెట్టినవాళ్లు లేరు.

పువ్వులూ నెమళ్లూ తప్ప ఇంకేమైనా గీసుకోవే అని నిరుడు నేనే నయాపూల్ దగ్గర ఒక స్కెచ్ పుస్తకం కొనిచ్చాను. దళసరి కాగితాలు, పైన తీగ చుట్టు. నెలలు గడిచినా మొదటి పేజీ తెల్లగానే ఉంది. "మొదటి పేజీ కరాబైతే పుస్తకమంతా కరాబైనట్టే గదక్కా" అంటూ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టింది. నాకు ఒళ్లు మండింది. గీసుకోమని ఇస్తే పూజ చేస్తోంది.

అంతలో వాళ్లమ్మ శారదమ్మకు ఎడమ చెవి కింద గడ్డ లేచింది. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి, తీసేయాల్సిందే అన్నారు. డాక్టరమ్మ మంచిది, దాచకుండా చెప్పింది. ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డ మధ్యలోంచే పోతుందట. కాపాడటానికే చూస్తాం గానీ, ఆ పక్క ముఖం జారిపోవచ్చు, మాట ఇవ్వలేను అంది. ఆపరేషన్ సోమవారం పెట్టారు.

శారదమ్మ ఎడమ పక్క సంగతి మా గల్లీలో అందరికీ తెలుసు. బర్రెలున్న రోజుల్లో ఆమె ఇంటింటికీ తిరిగి పాలు పోసేది. నవ్వితే ముందు ఎడమ పెదవి కొస పైకి లేస్తుంది, ఆ పక్క కన్ను సగం మూసుకుంటుంది, కుడి పక్కకు కబురు అందేసరికి నవ్వు అయిపోతుంది. పాలలో నీళ్లు కలిపావా అని అడిగితే నోరు లేదనేది, ఎడమ బుగ్గ అవుననేది. తండ్రి లేని తనూజ ఆ బుగ్గను చూసే పెరిగింది.

ఫోన్‌లో ఫొటోలు లేవా అంటారేమో. బోలెడున్నాయి. ఫోన్ ఎత్తగానే శారదమ్మ కొంగు సర్దుకుని, పెదాలు బిగించి, రేషన్ కార్డు ముఖం పెడుతుంది. చాటుగా తీద్దామన్నా ఆమె కన్నుగప్పినవాళ్లు లేరు. ఏ ఫొటోలోనూ ఆ నవ్వు లేదు. అందుకే తనూజ పుస్తకాన్ని దేవుడి దగ్గర నుంచి దింపింది. సోమవారంలోపు అమ్మను గీయాలి.

శనివారం నేను వెళ్లేసరికి ఇంటి నిండా కాగితం ఉండలే. పుస్తకం సగానికి చిక్కిపోయింది, తీగలో చింపిన అంచులు ఇరుక్కుని ఉన్నాయి. తనూజ కళ్లు ఉబ్బిపోయాయి. శారదమ్మ మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చింపకుండా మిగిలిన ఒక్క బొమ్మను నా చేతికిచ్చింది.

"చూడు అమలా, గీమెవరో గానీ మస్తు సక్కగుంది. సీరియల్ల జేస్తదా?"

తనూజ లేచి వంటింట్లోకి పోయింది. వెనకాలే పోయాను. ఆ బొమ్మ నిజంగానే అందంగా ఉంది, పెళ్లి కార్డు మీది దేవతలా. మధ్యలో నిలువునా మడత గీత. బొమ్మ గీతల పొడవునా సూది చిల్లులు.

"ఏందే ఇది?"

"రెండో పక్క గీస్తుంటే వంకర వస్తుందక్కా. గందుకే మడిచి పొడిచిన."

"మీ అమ్మ నవ్వేదే వంకర గదనే. నువ్వు కుడి పక్కనే రెండుసార్లు దించినవ్. ఇందుల అమ్మ ఏడుంది?"

ఆమె పొయ్యి గట్టును పట్టుకుని నిలబడింది. "తప్పు గీస్తే ఎట్లక్కా? సోమవారం తర్వాత ఆ మొకం ఉంటదో లేదో. మల్ల జూసి సరిజేసుకోనీకి ఉండదు. నేను తప్పు గీస్తే గా తప్పే మిగుల్తది. కొన్నేండ్లకు నాక్కూడ గదే అమ్మ అనిపిస్తది."

అప్పుడు నాకూ భయం వేసింది. అంతకు ముందు దాకా ఇది ఆమె చాదస్తమే అనుకున్నాను.

ఆదివారం శారదమ్మను దవాఖానలో చేర్చారు. వార్డుకు పోయే ముందే తనూజ సంచీలోంచి పెన్సిలు, రబ్బరు, సూది, ట్రేసింగ్ కాగితం అన్నీ తీసి నా దగ్గర పెట్టుకున్నాను. పుస్తకం, మామూలు పెన్ను మాత్రం వదిలాను. ఆమె నన్ను శత్రువును చూసినట్టు చూసింది.

శారదమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. పక్క బెడ్ కాశమ్మతో అప్పటికే స్నేహం కలిపేసింది. తన్నే బర్రె గురించి చెబుతూ చేతులు తిప్పుతోంది, తల తిప్పుతోంది. తనూజ స్టూలు మీద కూర్చుని గీయడం మొదలుపెట్టింది. ముక్కు దగ్గర పెన్ను ఆగి సిరా ముద్దగా పడింది. వెంటనే వేళ్లు పేజీ పై అంచుకు పోయాయి. నేను అరచేయి దాని మీద పెట్టేశాను.

"చెయ్యి దియ్యక్కా."

"తియ్య. కాశమ్మ పాలల్ల నీళ్ల ముచ్చట అడుగుతున్నది, మీ అమ్మను చూడు."

ఆమె చూసింది. ఎడమ పెదవి కొస అప్పుడే పైకి లేస్తోంది. తనూజ గబగబా గీసింది. గీత తప్పితే పక్కనే ఇంకో గీత గీసింది, అదీ తప్పితే మరొకటి. నవ్వు ఆగిపోయింది. ఆమె మళ్లీ దాని కోసం కాచుకుని కూర్చుంది, మళ్లీ గీసింది.

అయ్యాక తప్పులన్నీ వేలితో నాకు లెక్కపెట్టి చూపించింది. చెవి పెద్దదైంది, మెడ సన్నదైంది, ముక్కు మీద మచ్చ. నిజమే, అన్నీ తప్పులే. కానీ ఆ కాగితంలోంచి శారదమ్మ నీళ్ల పాలు పోసి నన్ను చూస్తోంది. నేను ఆ మాట చెప్పినా తనూజ నమ్మలేదు. సరిచేశాకే అమ్మకు చూపిస్తానంటూ పుస్తకాన్ని సంచీలో దాచేసింది.

సోమవారం పొద్దంతా ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నాం. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తనూజ లేచి నిలబడేది. ఆఖరికి డాక్టరమ్మ వచ్చింది. గడ్డ మొత్తం వచ్చేసింది, నరం తెగలేదు, కానీ బాగా నలిగింది అంది. ముఖం తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా అంది.

మేం చూసేసరికి ఎడమ పక్క జారిపోయి ఉంది. ఆ కన్ను మూతపడటం లేదు. నీళ్లు తాగిస్తే ఆ పక్క నుంచి కారిపోతున్నాయి. మర్నాడు కాశమ్మ దగ్గర అద్దం అడిగి తీసుకుని, శారదమ్మ చాలాసేపు చూసుకుంది. అద్దం తిరిగి ఇచ్చేసి కొంగు ముఖం మీదికి లాక్కుంది. తనూజ బాటిల్ నింపే సాకుతో బయటికి పోయి ఏడ్చి వచ్చేది.

బొమ్మ సంగతి బయటపెట్టింది కాశమ్మే. శారదమ్మ కొంగు లోంచే చెయ్యి చాపింది. మాట ముద్దగా వచ్చింది. "ఏదో గీసినవట. తే ఇటు."

"తప్పులున్నయమ్మా."

"తే."

శారదమ్మ పుస్తకాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎడమ బుగ్గ మీద వేలు ఆనించి అలాగే ఉంచింది. "గిది నేనే. దొంగ మొకం" అంది. తనూజ గట్టిగా ఊపిరి వదిలింది. ఇక పుస్తకం తీసుకోబోయింది.

శారదమ్మ ఇవ్వలేదు. పేజీ తిప్పి, తెల్ల కాగితం పైకి పెట్టి, కూతురి ఒళ్లో ఉంచింది.

"ఇగ ఇప్పటిది గియ్యి."

"ఇప్పుడొద్దమ్మా. బాగయినంక గీస్త."

"బాగయ్యేదాక నేనెవరినే మరి?"

తనూజ నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను, నాకు ఏడుపు ఆగలేదు. వార్డులో మందుల బండి తిరుగుతోంది, ఎవరో చాయ్ కోసం అరుస్తున్నారు. ఆమె స్టూలును బెడ్ దగ్గరికి జరుపుకుని పెన్ను మూత తీసింది.

శారదమ్మ ముఖం మీది కొంగు తీసేసింది.