మా నాన్న ఇంట్లో లేని సాయంత్రాలు

నా చిన్నప్పుడు సాయంత్రం పూట తలుపు చప్పుడైతే మా ఇంట్లో ముందుగా టీవీ గొంతు తగ్గేది. ఆ తరవాత మా నాన్న చెప్పులు చేతబట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. వెళుతూ వెళుతూ నా వైపు తిరిగి, అడిగితే నాన్న లేడని చెప్పమని సైగ చేసేవాడు. నేను తలుపు కొంచెం తెరిచి ఆ ముక్కే చెప్పేదాన్ని.

అప్పుడు మేము సౌదీలో అభా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. సౌదీ అంటే ఇసుక తప్ప ఇంకేమీ ఉండదనుకునే మా కరీంనగర్ చుట్టాలకు, అక్కడ కొండల మీద మబ్బు కిటికీలోంచి ఇంట్లోకి వస్తుందని చెబితే నమ్మేవాళ్ళు కాదు. మా నాన్న ఒక ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేసేవాడు. ఊళ్ళో ఉన్న రోజుల్లో ఆయన పేరుమోసిన నాస్తికుడు. పెళ్ళిలో పురోహితుడు, బస్సులో పక్కసీటు మనిషి, ఎవరు దొరికితే వాళ్ళతో వాదనకు దిగేవాడట. ఎదుటివాడు దండం పెట్టి లేచిపోయేదాకా వదిలేవాడు కాదట. సౌదీలో కాలు పెట్టాక ఆ నోటికి తాళం పడింది. ఏ దేవుడి మీదా నమ్మకం లేదన్న మాట వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీలు చెవిన పడితే ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కిస్తాడని, అంతకంటే పెద్ద చిక్కే రావచ్చని ఆయన భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఆయన జీతం మీద బతికేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉండేవారు.

అలాగని నమ్మనిదానికి తలూపడం ఆయనకు చేతకాదు. అందుకే దాక్కునేవాడు. మా అమ్మకు ఇదో వేడుక. "దేవుడు లేడని ఊరంత చాటిన మనిషి, ఇప్పుడు తనే లేడని చెప్పిస్తుండు" అని నవ్వేది. నాన్న ఉడుక్కునేవాడు.

తలుపు తట్టేది ఎక్కువగా కర్నూలు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయన ట్రక్కు డ్రైవరు. ఆమెను మేము కర్నూలు పిన్నమ్మ అనేవాళ్ళం. వాళ్ళ ఇస్లాం మతం గురించి తెలుగులో అచ్చువేసిన చిన్న చిన్న పుస్తకాలు పట్టుకుని, అభాలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగేవారు. తమకు దొరికిన మంచి దారిని పొరుగువాళ్ళకు చెప్పకుండా దాచుకోవడం పాపమని వాళ్ళు మనసారా అనుకునేవారు. నాన్న లేడని వినగానే ఆయన మెట్లు దిగిపోయేవాడు. పిన్నమ్మ మాత్రం మగవాళ్ళు లేరు కదా అని లోపలికి వచ్చి, మా అమ్మ పక్కన కూర్చుని పుస్తకం తెరిచేది. ఆమె లేచేదాకా గోడకు అవతల నాన్న తుమ్ము కూడా ఆపుకుని కూర్చోవలసి వచ్చేది. తను తవ్వుకున్న గోతిలో తనే పడ్డాడని మా అమ్మ ఇంకా నవ్వేది.

మా ఎదురు తలుపు మేము అక్క అని పిలిచే ఆవిడది. విజయవాడ వైపు మనిషి. అదే ఆసుపత్రిలో నర్సు. తనకూ దేవుడి మీద నమ్మకం లేదని మా ఇంట్లో మాత్రం చెప్పేది. అయినా ఎవరు తట్టినా ఆమె తలుపు బార్లా తెరుచుకునేది. గుట్టుగా భజనకు పిలిచే ఆవిడ వచ్చినా, మెల్లగా ప్రార్థన మాట ఎత్తే ఆవిడ వచ్చినా, పిన్నమ్మ వచ్చినా ఒకటే మర్యాద. కుర్చీ వేసి, చెయ్యి చాపమని, బీపీ చూసే పట్టా చుట్టేది. అది చుట్టి ఉన్నంతసేపు మాట్లాడకూడదు. విప్పాక ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. డ్యూటీ చేసి వచ్చిన ప్రాణానికి కాసేపు నిశ్శబ్దం దొరుకుతుందనే ఈ ఉపాయం మొదలుపెట్టానని మా అమ్మ దగ్గర ఒప్పుకుంది కూడా. అయితే మాట తప్పేది కాదు. పట్టా విప్పాక గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా వినేది. నేను లెక్కలు చేసుకోవడానికి ఆమె ఇంట్లోనే కూర్చునేదాన్ని కాబట్టి ఇదంతా నా కళ్ళ ముందే జరిగేది. వాదించడం కంటే వినడమే సులువని, నాన్నకు ఎంత చెప్పినా ఎక్కదని నాతో అనేది.

ఒక సాయంత్రం మబ్బు బాగా దిగింది. పిన్నమ్మ ఒక్కతే అక్క ఇంటికి వచ్చింది. భర్త సరుకు వేసుకుని జీజాన్ వెళ్ళాడట. ఆమెకు అప్పుడు ఏడో నెల. అంతకుముందు ఒక బిడ్డ పురిట్లోనే పోయిందని, ఈసారైనా దక్కాలని ఆమె ప్రాణమంతా దాని మీదే ఉందని ఆడవాళ్ళందరికీ తెలుసు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక, పట్టా తరవాత చూద్దువుగానీ అని అక్కను వారించి, సంచిలోంచి పుస్తకం తీసి నా చేతికిచ్చింది. "నువ్వు చదువు పాపా, నీ గొంతు బాగుంటాది" అంది. నాకు ఎక్కడలేని హుషారు వచ్చి గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను.

అక్క నన్ను మధ్యలోనే ఆపేసింది. నీ పుస్తకం ఎప్పుడూ నువ్వే చదువుతావు, ఇవాళ పిల్లకెందుకిచ్చావని ఆమెను అడిగింది. పొద్దున్నుంచి తల పగిలిపోతోందని, అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయని, ఇదంతా పాడు మబ్బు వల్లేనని పిన్నమ్మ చెప్పింది.

"మబ్బు బయట ఉంది తల్లీ, నీ కళ్ళలో లేదుగా" అంది అక్క.

అప్పుడు వంగి ఆమె పాదాలు చూసింది. చెప్పు పట్టీ ఉన్నచోట గాడి పడి, అటూ ఇటూ పొంగి ఉన్నాయి. ఒక చేతికి పట్టా చుట్టి చూసింది. రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే అక్క మొహంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

బీపీ విపరీతంగా పెరిగిందని, తల్లికీ బిడ్డకూ ప్రమాదమని, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలని అక్క చెప్పింది. రేపు ఆయన వచ్చేస్తాడు, ఆయనతోనే వస్తానంది పిన్నమ్మ. రేపటిదాకా ఆగేది కాదంది అక్క. ఫోన్ చేస్తే అంబులెన్సు ఖమీస్ వైపు వెళ్ళి ఉంది. అక్క భర్త డ్యూటీలో ఉన్నాడు. ఆడవాళ్ళు బండి నడిపే రోజులు కావవి. ఆ బిల్డింగులో అప్పటికి కారున్న మనిషి మా నాన్న ఒక్కడే.

నేను పరుగెత్తి మా తలుపు బాదాను. లోపల టీవీ గొంతు తగ్గిపోయింది. ఎవరూ తీయలేదు. నాన్నా నేనే అని ఏడుపు గొంతుతో పిలిచాక అమ్మ తీసింది. సంగతి విని లోపలి గదిలోంచి నాన్న చెప్పులు చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. పరాయి ఆడమనిషి, భర్త ఊళ్ళో లేడు, దారిలో పోలీసులు ఆపితే ఏం చెప్పాలి అని గొణిగాడు. అమ్మ బండి తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెప్పులు కింద పడేసి కాళ్ళు దూర్చాడు.

వెనక సీట్లో అమ్మా అక్కా మధ్య పిన్నమ్మ, ముందు సీట్లో నేను. బండి కదిలాక ఆమె నీరసంగా, "అన్నా, మీరు ఇంట్లోనే ఉండారా?" అంది. "ఇప్పుడే వచ్చిన చెల్లె" అన్నాడు నాన్న. అంత కంగారులోనూ అక్క నవ్వు రాకుండా పెదవులు బిగబట్టుకోవడం నాకు గుర్తుంది.

దారి కనబడటం లేదు. నాన్న తల అద్దం దాకా చాపి, నడకలాగా నడుపుతున్నాడు. ఆమె కళ్ళు మూతలు పడకుండా చూడాలని, ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండాలని అక్క అంది. పిన్నమ్మ తనకు వచ్చిన దువా సన్నగా చదవడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ గొంతు వినబడుతుంటే ధైర్యంగా ఉండేది. ఒక మలుపు దగ్గర అది ఆగిపోయింది.

"చదువు చెల్లె, ఆపకు" అన్నాడు మా నాన్న. తల తిప్పలేదు. "నేను వింటున్న. చదువు."

కాసేపటికి ఆమె మళ్ళీ అందుకుంది. ఆసుపత్రి గేటు వచ్చేదాకా, ఆగిన ప్రతిసారీ నాన్నే చదవమని బతిమాలాడు. ఊళ్ళో పురోహితులను నోరు మూయించిన మనిషి, ఆ కొండదారిలో ఒక ప్రార్థన ఆగిపోకూడదని అల్లాడిపోయాడు.

ఆ రాత్రే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. గుప్పెడంత పిల్ల. అద్దాల పెట్టెలో చాలా రోజులుంచారు. ఇంకో పూట ఆగి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని అక్క తరవాత మా అమ్మతో చెప్పింది.

పిల్లను ఇంటికి తెచ్చుకున్నాక భార్యాభర్తలు ఖర్జూరాలు, మిఠాయి పట్టుకుని వచ్చారు. ఆ రోజు తలుపు నాన్నే తీశాడు. అక్కను కూడా పిలిచాం. అల్లానే తనను ఆ రోజు అక్క గుమ్మానికి పంపాడని పిన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న అక్క వైపు చూశాడు, ఏమంటుందోనని.

"ఎవరు పంపితేనేం తల్లీ, వచ్చావు. చెయ్యి ఇటివ్వు" అంది అక్క.

వాళ్ళు బయల్దేరేటప్పుడు నాన్న పిన్నమ్మ భర్తతోపాటు మెట్ల దాకా వెళ్ళాడు. నేను వెనకాలే ఉన్నాను. మీరు వచ్చినప్పుడల్లా నేను ఇంట్లోనే ఉన్నానని నాన్న చెప్పాడు. మీ దేవుడనే కాదు, ఏ దేవుడి మీదా నాకు నమ్మకం లేదని, కాదనలేక ఔననలేక దాక్కున్నానని చెప్పాడు. అన్నేళ్ళు గోడకు కూడా వినబడకుండా దాచిన మాటను, ఎవరికి చెప్పకూడదని దాక్కున్నాడో ఆ మనిషికే చెప్పేశాడు.

ఆయన నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు చెప్పినావు, సరే. ఇంగెవురికీ చెప్పొద్దన్నా. నీకు పిల్లోళ్ళుండారు" అన్నాడు. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగి, "నేను మాత్రం వస్తానే ఉంటా" అన్నాడు.

వస్తూనే ఉన్నాడు. నాన్న చాయ్ పోసి వింటూనే ఉన్నాడు. ఆయన మారలేదు, ఈయనా మారలేదు. మేము అభా వదిలి వచ్చేదాకా ఆ మాట ఆ మెట్లు దాటలేదు.

ఇప్పుడు నేను దమ్మామ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నమ్మకం నాకూ కుదరలేదు. ఆ సంగతి బయట అనను. ఎప్పుడైనా ఎవరైనా పుస్తకాలు పట్టుకుని తలుపు తడితే, తీయొద్దని మా కోడలు కళ్ళతోనే చెబుతుంది. నేను తీస్తాను. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను. ఎన్నోసార్లు విన్నదే అయినా చివరిదాకా వింటాను. అక్క అన్ని సాయంత్రాలు అంత శ్రద్ధగా విని ఉండకపోతే, ఆ రోజు పుస్తకం చేతులు మారిందని ఆమె గమనించేది కాదు.