సందు మూసి కట్టిన గది

వీపనగండ్ల దగ్గర మా ఊళ్లో మా మామ కట్టించిన మట్టిమిద్దెలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మాది. రెండోది మా ఆయన వాళ్ల అన్నది. బావ రాయచూరులో పత్తిమిల్లులో పనిచేస్తూ నెలకోసారి వచ్చిపోతాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేది బావ భార్య, మా యారాలే. నేను ఆమెను అక్క అని పిలుస్తాను. పెళ్లయి వచ్చిన కొత్తలో, వానలకు ముందు మిద్దెమీద చౌడుమట్టి పరిచి తొక్కడం నాకు నేర్పింది ఆమే.

రెండు మిద్దెల నడుమ ఏడడుగుల సందు ఉండేది. పంపకాల కాగితంలో అది మా పాలుకు వచ్చింది. అక్క వంటింటి కిటికీ ఆ సందులోకే. వాళ్ల మిద్దెమీది వాననీళ్లు పడేదీ అందులోకే.

నాలుగేళ్ల కింద మా బిడ్డ పెద్దమనిషి అయింది. స్నానానికి తడికెల చాటే తప్ప మరోటి లేదు. ఉన్న ఒక్క గదిలోనే నా కుట్టుమిషను, గింజల మూటలు, మంచాలు. పైకప్పు దంతెల సందుల్లోంచి మట్టి రాలి, కుట్టిన జాకెట్లను మళ్లీ మళ్లీ దులపాల్సి వచ్చేది. సందులో స్లాబు వేసి ఒక గది, వెనక స్నానాలగది కట్టుకుందామని పట్టుబట్టింది నేనే. మా ఆయన వెనకాముందాడాడు. అన్నకు, వదినెకు ఒకమాట చెప్పి మొదలుపెడదామన్నాడు.

"మన జాగల మనం కట్టుకుంటే అడుగుడేంది?" అన్నాను.

మేస్త్రీ ముగ్గుపోసే రోజున అడుగున్నర వదిలి కట్టమన్నాడు. ఎంతైనా అటుపక్కది మట్టిగోడ, నీళ్లకు కాలువ ఉండాలని చెప్పాడు. అంత వదిలితే మంచం వేశాక బీరువా పట్టదు. అక్క మిద్దె నీళ్లు జారే దోనెను వెనక్కి తిప్పితే సరిపోతుందని నేను తేల్చేశాను. దోనెను తిప్పారు. మిద్దె వాలు మాత్రం పాత దిక్కుకే ఉండిపోయింది. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, నాకూ తెలుసు.

పునాది తవ్వుతుంటే అక్క వచ్చి నిలబడింది. కిటికీ మూసేస్తారా అని అడిగింది. ఇంకో గోడకు పెట్టుకోమని, నేనే మేస్త్రీతో పెట్టిస్తానని చెప్పాను.

"ఆ దిక్కు గాలి రాదు," అని మాత్రం అని లోపలికి పోయింది. నాలుగు మాటలు తిడుతుందేమోనని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. అది నాకు అప్పుడు సులువుగానే అనిపించింది.

ఆ ఎండాకాలమంతా అక్క పొయ్యి బయట అరుగుమీదే. వడగాలికి మంట నిలవక చుట్టూ రేకుముక్కలు అడ్డంపెట్టుకుని వండేది. నేను చూసీ చూడనట్టు తిరిగాను.

వానాకాలంలో మూడురోజులు ముసురు పట్టింది. మూడోరోజు పగలు నేను మిషను దగ్గర ఉండగా నేల అదిరినట్టయింది. బయటికొచ్చి చూస్తే అక్క ఇంట్లోంచి ఎర్రటి దుమ్ము లేస్తోంది. వంటింటి గోడ కూలి, దానితోపాటు మిద్దె సగం కిందికి జారింది. అక్కా అని పిలిచాను. పలకలేదు. పొద్దున ఆమె చేనుకు పోయిందో లేదో నేను చూడలేదు. మునుపైతే పోతూ పోతూ నాకు చెప్పి పోయేది. కొన్ని నెలలుగా చెప్పడం మానేసింది.

పార కోసం వెతికే ఓపిక లేకపోయింది. చేతులతోనే తవ్వాను. రాళ్లు, తడిమన్ను, ఒక దంతె, సొట్టపోయిన బిందె. గోళ్లు చీలుతున్నా తెలియలేదు. ఊళ్లోవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి పట్టుకున్నా నేను లేవలేదట.

కాసేపటికి వెనక నుంచి గొంతు వినిపించింది. "నేను చేన్ల ఉన్న. లే."

గడ్డిమోపు తలమీద పెట్టుకునే నిలబడి ఉంది అక్క. నా చేతులు చూసింది, ఇల్లు చూసింది. మోపు దించి ఆ మట్టి పక్కనే కూలబడింది.

మర్నాడు బావ వచ్చాడు. మేస్త్రీని పిలిపించారు. రెండు గోడల మధ్య జానెడు సందులోకి నీళ్లు దిగి, గోడ అడుగుభాగం నానిపోయిందని అతను చూపించాడు. నేనెక్కడ ఇరుక్కుంటానో అన్నట్టు మా ఆయన మాట మార్చబోయాడు. నాకిక దాచడం చేతకాలేదు.

"మేస్త్రీ ముందే చెప్పిండు బావా. నేనే ఇనలే."

ముందు ఆమెకు తలదాచుకునే చోటు చూడండి అన్నాడు బావ. అంతే.

దసరా దాకా అక్క మా కొత్తగదిలోనే ఉంది. మంచం చూపించినా ఎక్కలేదు, కింద చాప వేసుకునేది. వంట ఇద్దరం ఒకే పొయ్యిమీద చేశాం. ఉప్పు అందుకో, నీళ్లు పట్టు అన్నవి తప్ప మాటల్లేవు. ఒకనాడు మాత్రం చెమట తుడుచుకుంటూ, "గింత ఉడకపోస్తది, పిల్లను ఈడెట్ల పండబెడుతున్నవ్?" అంది. నిజమే. స్లాబు పొద్దంతా కాగి రాత్రంతా వేడి దింపేది. మా బిడ్డ అందులో పడుకున్నది వారం కూడా ఉండదు.

ఆమె గోడను ఇటుకలతో తిరిగి లేపాం. మా ఆయన, బావ కలిసి మిద్దె వాలు వెనక్కి మార్చారు. తిరిగి తన ఇంటికి పోయే రోజున అక్క గది ఊడ్చి, చాప చుట్టి గోడకు ఆనించింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఒక్కమాట అడిగితే నేను వద్దంటుంటినా?"

వద్దనేదో లేదో నాకు తెలియదు. అడిగితే వద్దంటుందనే భయంతోనే అడగలేదని ఆమెకు చెప్పలేకపోయాను.

ఇప్పుడు కలుపులకు కలిసే పోతాం. ఆమె జాకెట్లు నేనే కుడతాను. పండగపూట అక్క మా పిల్లకు తల దువ్వి పూలు పెడుతుంది, అదీ వాకిట్లో కూర్చోబెట్టుకునే. లోపలికి రమ్మని చాలాసార్లు పిలిచాను. ఈమధ్య పిలవడం మానుకున్నాను. చాయ్ గ్లాసు బయటికే తీసుకుపోయి ఇస్తాను. నిలబడి తాగి, గ్లాసు కడిగి గడపమీద పెట్టి పోతుంది.