జెల్లీ మేస్త్రి

మా బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే. తన ఇంట్లో చేసిన పళ్ళ జెల్లీ ఎవరో ఒకరి చేత తినిపించాలి. తిని మూతి తుడుచుకుని వెళ్ళిపోతే ఒప్పుకోడు. బాగుందని చెప్పాలి, గొంతెత్తి చెప్పాలి, ఆ చెప్పేదేదో ఎదురుగా కూర్చున్న మా పిన్నికి చెప్పాలి. ఇవన్నీ అయ్యేదాకా వీధి తలుపు గడియ తియ్యడు.

మనిషి తాపీ మేస్త్రి. మా పేటలో సగం గోడలు ఆయన చేతిమీద లేచినవే. మోకాళ్ళు మొరాయించి పని మానేశాక ఇంక వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన గరిట పట్టాడు. దాంతో వీధిలో అందరి నోటా మేస్త్రిగారు కాస్తా జెల్లీ మేస్త్రి అయిపోయాడు. ఈ పేరు ఆయన చెవిన పడకపోలేదు. "ఏ పేరైనా పెట్టుకోనీరా, వచ్చి తింటే చాలు" అనేవాడు.

వచ్చి తినేవాళ్ళే ఉండేవారు కాదు. అందుకని తనే వెళ్ళి పట్టుకొచ్చేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గేటు దగ్గర కాపు కాసేవాడు. పోస్ట్‌మాన్ బాబాయి ఉత్తరాలు పక్కింట్లో ఇచ్చి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. ఇస్త్రీ ఆయన బాబాయి చొక్కాలు తెచ్చి సందు చివర నా జిరాక్సు షాపులో పెట్టి, "మీరే ఇచ్చెయ్యండి బాబూ, నాకు మొన్నే ద్రాక్ష అయింది" అనేవాడు. ఎదురింటికి రంగులు వేస్తున్న మనిషిని నిచ్చెన మీంచి దింపి మరీ తీసుకెళ్ళాడొకసారి. ఇంకోసారి ఎవరో పాపం, చీటీలో రాసుకున్న ఇంటి నంబరు చూపించి దారి అడిగాడు. బాబాయి ఆయన్ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, పుచ్చకాయ జెల్లీ పెట్టి, అది బాగుందనిపించి, మీదట దానిమ్మ కూడా పెట్టి, అప్పుడు చెప్పాడు, ఆ ఇల్లు వెనక సందులో అని.

లోకంలో జనం ఎవర్ని చూసి పారిపోతారో ఆ ఇన్సూరెన్సు ఏజెంటు కూడా మా బాబాయిని చూస్తే సందు మార్చేవాడు. ఒకరోజు ఏమరుపాటున దొరికిపోయాడు.

"రండి రండి, మీ కోసమే చూస్తున్నాను" అన్నాడు బాబాయి.

ఈ మాట ఆ ఏజెంటుతో అంతకుముందు ఎవరూ అని ఉండరు. ఆశగా లోపలికి వెళ్ళాడు.

"పాలసీ గురించేనాండీ?"

"ముందు కూర్చోండి. పుచ్చకాయ."

"నాకు జలుబండీ."

"అయితే దానిమ్మ."

"షుగరు కూడా ఉందండీ."

"అయితే మీకు రెండు ముక్కలే. పంచదార చిటికెడు కూడా వెయ్యలేదు. రంగు లేదు, సెంటు లేదు. పండు, నీళ్ళు, ఇంత సముద్రపు నాచు పొడి. అంతే."

"నాచాండీ?"

"మరి పునాది ఉండొద్దూ. కానివ్వండి."

తిన్నాడు. ముక్క గొంతు దిగాక "బాగుందండీ" అన్నాడు.

"నాకెందుకు చెప్తారు? ఆవిడకి చెప్పండి."

చెప్పాడు.

"ఇంకాస్త పైకి."

ఏజెంటు ఈసారి పక్కింటి కుక్క మొరిగేలా చెప్పాడు. పిన్ని చిన్నగా నవ్వి, తన పళ్ళెంలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని, "మొహమాటపడకండి, ఇంకోటి వేసుకోండి" అంది.

ఏజెంటు తిన్నగా నా షాపుకొచ్చి కూలబడ్డాడు. "పాలసీ మాట ఎత్తనివ్వలేదండీ మీ బాబాయి. పెళ్ళాం దగ్గర గొప్ప చూపించుకోడానికి దారినపోయేవాళ్ళని బలిచేస్తాడేమిటండీ?"

అప్పటికి నాకూ అంతు పట్టలేదు.

జెల్లీ చెయ్యడంలోనూ ఆయనది మేస్త్రి పద్ధతే. నాచు పొడిని సిమెంటు అనేవాడు. పళ్ళరసంలో ఆ పొడి వేసి కాచడమంటే ఆయనకి మాలు కలపడం. ట్రేలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాక, "స్లాబు వేశాను, ఎవరూ తలుపు తియ్యకండి" అని హెచ్చరించేవాడు. ఫ్రిజ్ అరమీద రసమట్టం పెట్టి, అందులో బుడగ మధ్యకి వచ్చేదాకా ఫ్రిజ్ కాళ్ళ కింద అట్టముక్కలు దోపేవాడు. గట్టిపడ్డాక ముక్కలు కొయ్యడానికి చిన్న తాపీ. నేను అనుమానంగా చూస్తే "కొత్తదేలేరా, ఇసక మొహం చూడలేదు" అనేవాడు.

కొత్తలో ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని ఇల్లు కట్టే లెక్కే దీనికీ వేశాడు. పొడి దండిగా దట్టించాడు. ఆ కమలా జెల్లీలో పన్ను దిగలేదు. ఒక ముక్క చెయ్యిజారి కిందపడి సోఫా కిందకి దొర్లిపోయింది. తీసి చూస్తే ఒక్క మూల విరగలేదు. "నా చేతికింద లేచింది ఏదైనా పగిలిందేమిట్రా ఇన్నాళ్ళలో?" అని కాసేపు గర్వపడ్డాడు గానీ, పిన్ని నమల్లేక ఉమ్మేసేసరికి మొహం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత నిమ్మరసాన్ని పొడితో కలిపి కుతకుతా మరిగించాడు. అది ఎంతసేపు ఉంచినా నీళ్ళలాగే ఉండిపోయింది. తన చేతిమీద ఒక్క స్లాబు కూలలేదు, ఇది కూలిందని ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ పులుపుతో మరిగితే పొడి పట్టు వదిలేస్తుందనీ, పొయ్యి మీంచి దించాక చివర్లో పిండాలనీ తెలుసుకునేసరికి చాలా ట్రేలు సింకులో పోశాడు. చివరికి పాళ్ళు పట్టుబడ్డాయి. వేలితో నొక్కితే లొంగేది, వదిలితే లేచేది, పళ్ళతో పనిలేకుండా నాలుక మీదే చితికేది. నిజం చెప్పాలంటే చాలా బాగుండేది. రోజూ తినమంటేనే కష్టం.

ఇక్కడ పిన్ని సంగతి చెప్పాలి. ఆవిడకి మతిమరుపు జబ్బు. మొదట తాళాలు ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది, తర్వాత ఇంటికొచ్చే దారి, తర్వాత మనుషులు. పిల్లలు లేరు, ఉన్నది బాబాయి ఒక్కడే, ఆయన్నీ మర్చిపోయింది. చివరికి నీళ్ళు తాగడం కూడా మర్చిపోయింది. గ్లాసు నోటి దగ్గర పెడితే పెదాలు బిగించేసేది. ఒంట్లో నీరు లేక కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో సెలైను ఎక్కించి పంపారు. "మళ్ళీ ఇలా అయితే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సొస్తుంది. పీకేసుకుంటే చేతులు కట్టాల్సి కూడా రావచ్చు" అంది డాక్టరమ్మ. ఆ మాట విన్నప్పుడు బాబాయి పక్కన నేనున్నాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. అది చూసి డాక్టరమ్మే, "తాగకపోతే తినిపించి చూడండి. పళ్ళ జెల్లీలో ఉండేదంతా నీళ్ళేగా" అంది. జెల్లీ అలా మొదలైంది.

ఇంతవరకు వీధికీ తెలుసు. భార్య కోసం చేసిన జెల్లీ ఊళ్ళోవాళ్ళకి పెట్టి మెప్పు కోసం పాకులాడటమే ఎవరికీ మింగుడుపడేది కాదు. "ఆవిడ అలా చిక్కి శల్యమవుతూంటే ఈయనకి సన్మానాలు కావలసొచ్చాయి" అనేది ఎదురింటి టీచరమ్మ.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కాలు ఇచ్చిపోదామని వాళ్ళ పెరటివైపు నుంచి వెళ్ళాను. వంటింటి తలుపు తీసే ఉంది. పిన్ని బల్ల దగ్గర కూర్చుని ఉంది. పెదాలు ఎండి పొరలు లేచి ఉన్నాయి. బాబాయి ఆ నొప్పి మోకాళ్ళ మీదే కింద కూర్చుని, చెంచాలో జెల్లీ ముక్క పట్టుకుని బతిమాలుతున్నాడు.

"ఒక్కటి. ద్రాక్ష. నీకిష్టం."

"నువ్వెవరయ్యా?"

"నేనే."

"నేనంటే?"

ఆయన చెంచా కాస్త దగ్గరికి తెచ్చాడు. పిన్ని చెయ్యి విసిరింది. చెంచా ఎగిరి సింకు కింద పడింది. "ఎవరో ఇంట్లో జొరబడ్డాడు, మా ఆయన్ని రానీ, చెప్తాను" అంటూ ఏడుపు అందుకుంది.

బాబాయి నన్ను చూశాడు. బల్ల పట్టుకుని లేచి, వచ్చి నా చేతిలో చొక్కాలు లాక్కుని, గొంతు తగ్గించి, "చుట్టూ తిరిగెళ్ళి వీధి తలుపు కొట్టు" అన్నాడు.

"ఎందుకు బాబాయ్?"

"చుట్టంలా రారా. తొందరగా."

వెళ్ళి బెల్లు కొట్టాను. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తీసింది పిన్నే. జుట్టు సవరించుకుంది. కళ్ళలో తడి ఇంకా ఉంది గానీ మొహం మాత్రం పాత పిన్నిదే. "రండి రండి, ఎండన పడి వచ్చారు" అంది. నేనెవరో ఆవిడకి తెలీదు. గుమ్మంలోకి మనిషి వస్తే ఏం చెయ్యాలో తెలుసు. నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుని, లోపలికి తిరిగి "ఏమయ్యా, ఆ జెల్లీ పట్రా" అని పురమాయించింది. బాబాయి రెండు పళ్ళేలు తెచ్చిపెట్టి గోడవార నిలబడ్డాడు.

"నేనే చేశాను. ఎలా కుదిరిందో ఏమో" అంది పిన్ని.

నేను తిని "చాలా బాగుంది పిన్నీ" అన్నాను. గోడ దగ్గర్నించి బాబాయి గడ్డం ఎగరేసి పైకి, పైకి అని సైగ చేశాడు. "చాలా బాగుంది పిన్నీ" అని అరిచాను. ఆవిడ మొహం విప్పారింది. "అయితే మీకు తోడుగా నేనూ తింటాను" అని పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఒక్కొక్క ముక్కే తింది. ప్రతి గుటకకీ బాబాయి ఆవిడ గొంతు వైపే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత గేటు దగ్గర చెప్పాడు. "మొదట్లో కరెంటు మీటరు చూడ్డానికి ఒకాయన వచ్చాడురా. పాపం అలిసిపోయి ఉన్నాడని రెండు ముక్కలు పెట్టాను. మీ పిన్ని లోపల్నించి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన బాగుందనగానే పళ్ళెం ఖాళీ చేసింది. ఆయన వెళ్ళాక నేను పెడితే మళ్ళీ నోరు తెరవలేదు. ఇంటికొచ్చినవాళ్ళు తింటూంటే ఇంటావిడ ఊరికే చూస్తూ కూర్చోదు కదా. అది మర్చిపోలేదురా."

"ఈ ముక్క అందరికీ చెప్తే పోయేదిగా. వాళ్ళే వరస కట్టి వస్తారు."

"వస్తారు. జాలిమొహాలేసుకుని వస్తారు. ఒంట్లో ఎలా ఉందమ్మా అంటారు. దాంతో ఇంటావిడ పోయి రోగిష్టిది మిగుల్తుంది. రోగిష్టిది తినదు. విసుక్కుంటూ వచ్చినా ఫర్వాలేదురా, చుట్టాల్లా రావాలి. అయినా విసుక్కోకుండా వచ్చే చుట్టాలు ఎవరున్నారు?"

నేను ఎవరికీ చెప్పలేదు. షాపుకి వచ్చినవాళ్ళని ఏదో వంక పెట్టి అటు తోలడం మాత్రం మొదలుపెట్టాను. మా బాబాయి పాలసీ తీసుకునే ఆలోచనలో ఉన్నాడని ఏజెంటు చెవిలో ఊదాను. ఆ ఆశతో ఆయన నెలల తరబడి జెల్లీ తిన్నాడు. జలుబు ఉన్నప్పుడు కూడా తిన్నాడు.

చలికాలం వచ్చేసరికి పిన్ని బాగా నీరసించింది. మాట సన్నబడింది. చుట్టాలు వచ్చినా ఒకటీ రెండూ ముక్కలకే చాలనేది. బాబాయి స్లాబు వెయ్యడం మానలేదు గానీ, రసమట్టం పెట్టే ఓపిక పోయింది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం నేనొక్కణ్ణే చుట్టాన్ని. పిన్ని ముక్క చేత్తో పట్టుకుని తినకుండా, గోడవార నిలబడ్డ బాబాయి వైపే చూస్తోంది.

"ఆ వంటాయన ఎప్పుడూ అలా నిలబడే ఉంటాడేమిటి? ఆయనకి ఎవరైనా పెట్టారా?" అని నన్ను అడిగింది.

"తింటాడులే పిన్నీ, నువ్వు తిను."

"అలా అంటారేమిటండీ. చిక్కిపోయాడు చూడండి. ఏమయ్యా, ఇలా వచ్చి కూర్చో."

బాబాయి కదల్లేదు. అంతకాలం ఆయన దగ్గరికొస్తే చాలు ముడుచుకుపోయిన మనిషి, తన పక్క కుర్చీ లాగింది. ఆయన వచ్చి కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు. పిన్ని తన చేతిలో ముక్క ఆయన అరచేతిలో పెట్టింది.

"తిను. మా ఆయన రాగానే చెప్పి నీ జీతం పెంచిస్తాను. ఆయన మేస్త్రి. పనివాళ్ళు తినందే తను ముద్ద ముట్టడు. ఇంట్లో నోట్లోంచి మాట ఊడిపడదు గానీ, అంత మంచి మనిషి ఇంకొకడు ఉండడయ్యా. చూస్తావుగా, వచ్చే వేళైంది."

బాబాయి ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "అలాగేనమ్మా" అన్నాడు.

ఆయన తినడం చూసి పిన్ని కూడా తింది. ఆ రోజు పళ్ళెంలో ఏమీ మిగల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు. పిన్ని నా వైపు తిరిగి, "పులుపు ఎక్కువైందాండీ?" అని కంగారుపడింది.

ఆ తర్వాత ఆవిడ ఎక్కువ కాలం లేదు. ఒక పొద్దున నిద్రలోనే పోయింది. గొట్టం వెయ్యలేదు, చేతులు కట్టలేదు. ముందురోజు సాయంత్రం దాకా తన బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకి పెట్టి, తనూ ఇంత తిని వెళ్ళిపోయింది. బాబాయి కోరుకున్నది అదొక్కటే, అది దక్కించుకున్నాడు.

పరామర్శకి వీధంతా వచ్చింది. అప్పటికి చుట్టాల సంగతి నేను అందరికీ చెప్పేశాను. టీచరమ్మ ఒక మూల కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఏజెంటు బాబాయి చెయ్యి పట్టుకుని, "ఇంత చేశారు. పాపం, మిమ్మల్ని గుర్తుపట్టకుండానే వెళ్ళిపోయారావిడ. అదే బాధగా ఉందండీ" అన్నాడు.

బాబాయి "గుర్తుపట్టకపోవడమే మంచిదైందండీ" అన్నాడు. "గుర్తుపట్టుంటే ఆ మాటలు నా మొహం మీద ఒక్కటీ అనేది కాదు. పెళ్ళైన దగ్గర్నించీ నన్ను పొగిడిందల్లా ఆ వంటవాడి దగ్గరే."

"ఏ వంటవాడండీ?"

"ఉన్నాడులెండి ఒకడు. జీతం పెంచుతానంది. పెంచకుండానే పోయింది" అంటూ బాబాయి ఏడుస్తూనే నవ్వాడు. ఏజెంటుకి ఏమీ అర్థం కాలేదు, అయినా ఆయన నవ్వుతున్నాడు కదా అని తనూ నవ్వాడు.