గేటు దగ్గరి డప్పు

ఐదో తరగతిలో పట్టిన డప్పును కరుణ పదో తరగతి దాకా వదల్లేదు. నేర్పింది తాత పెద్దులు. తండ్రి డానియల్‌కు మాత్రం ఆ చప్పుడు వింటేనే ఒళ్లు మండేది. చావులకు, జాతరలకు కొట్టి తన తండ్రి పడ్డ చులకన చాలనుకుని, చౌటుప్పల్‌లో మందుల కంపెనీ పనికి కుదిరిన మనిషాయన.

"మేం ఇడిసిపెట్టింది నువ్వు మెడకేసుకుంటవా?" అనేవాడు. ఆయన డ్యూటీకి పోగానే కరుణ డప్పు తీసేది.

ఆ పట్టుదలంతా ఒక్కదానికే. బడి వార్షికోత్సవంలో స్టేజీ మీద కొట్టాలి, బాపు డానియల్ ముందు వరుసలో కూర్చుని చూడాలి. కానీ కార్యక్రమాల బాధ్యత చూసే పర్వతాలు సారు ఏటా ఆమెను గేటు దగ్గరే నిలబెట్టేవాడు. పెద్దమనుషులొస్తే స్వాగతానికి డప్పు కావాలి, స్టేజీ మీద మాత్రం సినిమా పాటలు కావాలి. ఇదెక్కడి న్యాయమో ఆ సారుకే తెలియాలి!

పదో తరగతిలో ఎట్టకేలకు జాబితాలో పేరెక్కింది. బతిమాలగా బతిమాలగా డానియల్ సెలవు పెట్టి వచ్చాడు. "ముందు అతిథికి స్వాగతం కొట్టు, తర్వాత స్టేజీ" అన్నాడు సారు.

తోలు డప్పు సెగ తగిలితేనే మోగుతుంది, చల్లారితే గొంతు పడిపోతుంది. పదింటికి రావాల్సిన అతిథి ఒంటిగంటైనా రాలేదు. "కారు టోల్‌గేటు దాటిందట, సెగ పెట్టుకో తల్లీ" అని సారు అన్నప్పుడల్లా కరుణ జొన్నచొప్ప మంటేసింది. అట్లా నాలుగుసార్లు. ఆకలి, విసుగు, కోపం. ఐదోసారి డప్పును మంటకు మరీ దగ్గరగా పట్టింది. తోలు టప్పున పగిలింది.

అప్పుడే కారొచ్చింది. సారు ఏమాత్రం కంగారుపడకుండా ఫోన్లోంచి డప్పుల మోత స్పీకర్లలో పెట్టించాడు. జనం చప్పట్లు కొట్టారు.

"పోనీ తియ్యి తల్లీ. వచ్చే ఏడు నీదే మొదటి ఐటం" అన్నాడు, ఆమె భుజం తట్టి.

"నేను పదో తరగతి సార్."

స్పీకర్ల మోతలో సారుకు వినబడలేదు. లేచి గేటు దగ్గరికొచ్చిన డానియల్‌కు వినబడింది.

"గేటు కాడ కొట్టేటోళ్లను ఎవలు యాది పెట్టుకుంటరు బిడ్డా? గిందుకే వద్దన్న" అన్నాడు.

ఆ మాట అబద్ధమని ఇన్నేళ్లూ చూపించాలనుకున్న కరుణ, పగిలిన డప్పును చంకన పెట్టుకుని ఆయన వెంట గేటు దాటింది.